ఫార్మసీ ఎక్స్ఛేంజ్ ఇంటర్న్‌షిప్‌కు అప్లై చేసే ముందు జాగ్రత్తలు

• అంతర్జాతీయ ఫార్మసీ విద్యార్థుల సమాఖ్య ఐపీఎస్‌ఎఫ్ (1949లో ఏర్పడింది) ద్వారా విదేశానికి వెళ్లాలనుకుంటే, మీ దేశంలోని సభ్య సంఘాన్ని ముందుగా సంప్రదించండి.

• హాస్పిటల్ పోస్టింగ్ అయితే హెపటైటిస్ బి టీకా రికార్డు, టీబీ పరీక్ష రిపోర్టు అడగొచ్చు. ఆ టీకా మామూలు కోర్సు 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. ఎంపికయ్యాక మొదలుపెడితే టైమ్ చాలదు. చాలామంది టెన్షన్ పడేది ఇక్కడే.

• జీతం లేని ట్రైనింగ్‌కు టూరిస్ట్ వీసా సరిపోతుందని అనుకోవద్దు, ఎంబసీ నిబంధనలు చదవండి. ఆహ్వాన లేఖలో తేదీలు, చేయాల్సిన పని, బస ఏర్పాటు స్పష్టంగా ఉండాలి. వీసా చేతికొచ్చాకే టికెట్.

• స్థానిక భాష రాకపోతే మందుల షాపు కౌంటర్ కన్నా ల్యాబ్ నయం.

• కాలేజీ క్రెడిట్లు ఇస్తుందా? రాతపూర్వకంగా తీసుకోండి.

• హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి.