హడ్ ఇల్లు కొనే ముందు స్వతంత్ర తనిఖీ ఎలా చేయించుకోవాలి?

అమెరికాలో ఎఫ్‌హెచ్‌ఏ (ఇంటి అప్పులకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) బీమా ఉన్న అప్పు తీర్చలేక యజమాని పోగొట్టుకున్న ఇల్లు చాలాసార్లు అక్కడి కేంద్ర గృహనిర్మాణ శాఖ ‘హడ్’ చేతికి వస్తుంది. హడ్ దాన్ని తన ‘హోమ్ స్టోర్’ వెబ్‌సైటులో అమ్మకానికి పెడుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మొదటి ఇల్లు వెతుక్కునే మనవాళ్ల చూపు కూడా ఆ ధరల మీద పడుతుంది. ప్రభుత్వం అమ్ముతోంది కదా, అన్నీ సరిచూసే ఉంటారని మాత్రం అనుకోకండి. హడ్ ఇంటిని ఉన్నది ఉన్నట్టుగానే అమ్ముతుంది. మరమ్మతులు చేయించదు, పూచీ ఇవ్వదు.

ముందుగా లిస్టింగుతో పాటు ఇచ్చే ఇంటి స్థితి నివేదికను చదవండి. అందులో ఏం పాడైందని రాశారో చూడటం ఎంత ముఖ్యమో, దేన్ని పరీక్షించలేదో గుర్తించడం అంతకన్నా ముఖ్యం. బ్యాంకు కోసం చేసే విలువ మదింపు వేరే పని, అది తనిఖీ కాదు.

బ్రోకర్ ద్వారా మీరు వేసిన బిడ్ (కొనే ధర ప్రతిపాదన) ఖరారైన రోజే ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేయండి. తామే నివసించడానికి కొనేవారికి సాధారణంగా ఒప్పందం ఆమోదం పొందాక 15 రోజుల తనిఖీ గడువు ఉంటుంది. టెక్సాస్‌లో ఇన్‌స్పెక్టర్లకు రాష్ట్ర లైసెన్సు తప్పనిసరి. కాలిఫోర్నియాలో అలాంటి లైసెన్సు లేదు కాబట్టి ఆషీ, ఇంటర్‌నాచీ వంటి సంఘాల సభ్యత్వం చూడండి. బ్రోకర్ చెప్పిన పేరుతో సరిపెట్టుకోకుండా మీరే ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, పాత నివేదిక ఒకటి చూపించమని అడగండి.

అసలు చిక్కు నీళ్లు, కరెంటు, గ్యాస్ దగ్గర వస్తుంది. ఖాళీగా ఉన్న ఇంట్లో ఇవన్నీ ఆపేసి ఉంటాయి. చలి ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో గొట్టాలు గడ్డకట్టి పగలకుండా నీళ్లు పూర్తిగా తీసేస్తారు. తనిఖీ కోసం వాటిని మళ్లీ ఇప్పించుకోవాలంటే బ్రోకర్ ద్వారా హడ్ తరఫు నిర్వాహకుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఖర్చు మీదే. ఆ తర్వాత కంపెనీల వాళ్లు రావడానికి మరికొన్ని రోజులు పట్టవచ్చు. అందుకే ఈ దరఖాస్తు మొదటి రోజే పెట్టండి. గొట్టాల ఒత్తిడి పరీక్షలో ఇల్లు విఫలమైతే నీళ్లు వదలడానికి ఒప్పుకోరు. అప్పుడు ప్లంబర్‌ను విడిగా పిలిచి మరమ్మతు అంచనా రాయించుకోండి.

తనిఖీ రోజున మీరూ అక్కడే ఉండండి. నీళ్లు ఉంటే కుళాయిలన్నీ మూసి మీటరు దగ్గర నిలబడండి. దానిలోని చిన్న చక్రం తిరుగుతూనే ఉంటే ఎక్కడో నీళ్లు కారుతున్నట్టే. ఏసీ, వాటర్ హీటర్ల దగ్గర రాగి గొట్టాలు కోసుకుపోయారేమో చూడండి, ఖాళీ ఇళ్లలో ఈ దొంగతనం మామూలే. డాలస్ చుట్టుపక్కల బంకమట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంగుతుంది. తలుపు మూలల నుంచి ఏటవాలుగా పాకిన పగుళ్లు కనిపిస్తే పునాదిని ఇంజనీరుకు చూపించాల్సిందే. మురుగు గొట్టంలోకి కెమెరా పంపించడం, చెదల పరీక్ష, రేడాన్ (నేలలోంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక వాయువు) పరీక్ష విడిగా అడగాలి. రేడాన్ లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియోధార్మికత కొలమానం) లేదా అంతకు మించి ఉంటే సరిచేయించాలని పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. 1978కి ముందు కట్టిన ఇల్లయితే సీసం కలిసిన రంగు సంగతీ తేల్చుకోండి.

నివేదిక చేతికి రాగానే మరమ్మతుల అంచనా వేయించండి. దాన్ని చూపి ధర తగ్గించమంటే హడ్ వింటుందని ఆశపడవద్దు. ఖర్చు పెద్దదైతే మరమ్మతులను కూడా కలుపుకునే 203(కె) రుణం గురించి బ్యాంకును అడగండి. వద్దనుకుంటే గడువులోపే, నివేదిక జతచేసి, బ్రోకర్ ద్వారా రాతపూర్వకంగా తెలపండి. 50,000 డాలర్ల వరకు ధర ఉన్న ఇంటికి 500, ఆపైన 1,000 డాలర్లు బయానా కట్టి ఉంటారు. ముందుగా చెప్పని లోపం బయటపడితే, సొంతంగా నివసించడానికి కొనేవారు దాన్ని తిరిగి అడగవచ్చు. పెట్టుబడిగా కొనేవారికి ఈ వెసులుబాటు ఆశించలేం. ఏదేమైనా రిజిస్ట్రేషన్ పూర్తయ్యేదాకా ఆ ఇంట్లో చిన్న మరమ్మతు కూడా మొదలుపెట్టకండి, నిబంధనలు ఒప్పుకోవు.