మాస్ ఎఫెక్ట్ 3 ముగింపు: ఇండాక్ట్రినేషన్ థియరీని మీరే పరీక్షించడం ఎలా

2012 మార్చిలో వచ్చిన మాస్ ఎఫెక్ట్ 3 గేమ్ చివర్లో మూడు దారులున్నా, ఎరుపు, నీలం, ఆకుపచ్చ పేలుళ్లే తప్ప పెద్ద తేడా లేదని ఆటగాళ్లు మండిపడ్డారు. కథానాయకుడు షెపర్డ్ మెదడు శత్రు యంత్రజాతి రీపర్ల వశమైందని, ముగింపంతా ఒక కలలాంటిదేనని చెప్పే ఇండాక్ట్రినేషన్ థియరీకి ఆ నిరాశే ఊపిరి పోసింది.

ముందుగా సెర్బెరస్ అనే శత్రు సంస్థ స్థావరం మిషన్‌కు ముందే విడిగా ఒక సేవ్ పెట్టుకోండి. అది దాటితే వెనక్కి రాలేరు. అదే ఏడాది జూన్‌లో ఉచితంగా ఇచ్చిన, ముగింపుకు అదనపు దృశ్యాలు చేర్చే ఎక్స్‌టెండెడ్ కట్ వేసుకున్నా, ఇక్కడి నుంచే ఆడాలి.

చివర్లో ఎరుపు దారి, అంటే రీపర్లను నాశనం చేసే డిస్ట్రాయ్ ఎంచుకోండి. శిథిలాల్లో షెపర్డ్ ఊపిరి పీల్చే దృశ్యానికి ఎక్స్‌టెండెడ్ కట్‌లో 3,100 ఈఎంఎస్ (మొత్తం సైనికబలాన్ని రెడీనెస్, అంటే యుద్ధ సన్నద్ధత శాతంతో గుణిస్తే వచ్చే అసలు బలం) కావాలి. రెడీనెస్ 50 శాతమే ఉంటే మొత్తం సైనికబలం 6,200 ఉండాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: మొత్తం బలం చూపే పెద్ద అంకె చూసి సరిపోయిందనుకుంటారు.

సెర్బెరస్ అధినేత ఇల్యూసివ్ మ్యాన్‌తో చివరి సంభాషణలో తెర అంచుల నల్లటి నీడలు గమనించండి. థియరీకి బలమైన ఆధారం అదే. అయితే ఎక్స్‌టెండెడ్ కట్ చూపే తదనంతర దృశ్యాలు కలగా సర్దుకోవు. మా లెక్కలో థియరీ అక్కడే కుంటుపడుతుంది.