గాడ్‌ఫాదర్ రెండో భాగం చూడబోతున్నారా? ఫ్రెడో మీద ఓ కన్నేసి ఉంచండి

‘గాడ్‌ఫాదర్ చూశాను, రెండో భాగం మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను’ అనే మాట చాలామంది దగ్గర విన్నాను. ఎందుకని అడిగితే అందరూ ఒకటే చెప్తారు, ఎవరు ఎవర్ని ఎందుకు చంపిస్తున్నారో అర్థం కాలేదని. మా తమ్ముడైతే ఇంకో అడుగు ముందుకేసి, ‘అక్కా, ఆ ముసలాయన మంచివాడా చెడ్డవాడా, అదొక్కటి చెప్పు చాలు, మిగతాది నేను చూసుకుంటా’ అన్నాడు. ముసలాయనంటే హైమన్ రాత్. వాడికి నేను జవాబు చెప్పలేదు. చెప్పేస్తే సగం సినిమా పోయినట్టే.

నేను ఎడిటింగ్ పని చేస్తాను. వేరేవాళ్లు తీసిన షాట్లను కోసి అతికించడమే నా ఉద్యోగం కాబట్టి ఈ సినిమా గురించి నాకు కాస్త గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. మీకు నచ్చనివి వదిలేయండి.

ముందు మొదటి భాగం చూడాలి. ఎప్పుడో చూసి మర్చిపోయి ఉంటే మళ్లీ చూడాలి. మొత్తం గుర్తుండక్కర్లేదు, మూడు సంగతులు గుర్తుంటే చాలు. మాఫియా నడిపే తండ్రి వీటో మీద నడివీధిలో కాల్పులు జరిగినప్పుడు రెండో కొడుకు ఫ్రెడో తుపాకీ జారవిడిచి, రోడ్డు పక్కన కూలబడి ఏడుస్తాడు. తర్వాత లాస్ వేగస్‌లో అదే ఫ్రెడో మో గ్రీన్ అనే కేసినో యజమానిని వెనకేసుకొస్తే, తమ్ముడు మైకేల్ ‘ఇంటివాళ్లకి వ్యతిరేకంగా ఇంకెప్పుడూ బయటివాళ్ల పక్షాన మాట్లాడకు’ అని హెచ్చరిస్తాడు. ఆ మో గ్రీన్ చివర్లో మసాజ్ బల్ల మీద, కంట్లో తూటా దిగి చస్తాడు. ఈ మూడూ రెండో భాగానికి పెట్టుబడి.

రెండు భాగాల్నీ కాలక్రమంలో పేర్చిన టీవీ వెర్షన్ ఒకటుంది. దర్శకుడు కొప్పోలాయే 1977లో అమెరికన్ టీవీ కోసం చేయించాడు. కథ సులువుగా అర్థమవుతుందని దాంతో మొదలుపెట్టకండి. రెండో భాగం బలమంతా ముందుకీ వెనక్కీ వెళ్లడంలోనే ఉంది. వరుసగా పేరిస్తే తండ్రి కథ ముందే అయిపోతుంది, ఇక కొడుకు పక్కన పోల్చి చూసుకోడానికి ఏమీ మిగలదు.

ఇక టీవీ సంగతి. ఇది ఛాయాగ్రాహకుడు గోర్డన్ విల్లిస్ కావాలని చీకటిగా తీసిన సినిమా. మైకేల్ గదిలో సగం ముఖం కనిపించదు, చాలాచోట్ల కళ్లు కూడా కనిపించవు. పగలు కిటికీ తెరిచిపెట్టి చూస్తే నల్లటి తెర మీద మీ ముఖమే కనిపిస్తుంది. రాత్రిపూట, లైట్లన్నీ ఆపి చూడండి. టీవీలో ‘వివిడ్’ మోడ్ ఉంటే తీసేసి ‘సినిమా’ మోడ్ పెట్టండి. కదలికల్ని నున్నగా చేసే మోషన్ సెట్టింగ్ ఆపేయండి, అది ఉంటే ఎంత గొప్ప సినిమా అయినా సీరియల్‌లా కనిపిస్తుంది. బ్రైట్‌నెస్ మాత్రం పెంచకండి, ఆ చీకటి లోపం కాదు. సబ్‌టైటిల్స్ ఆన్‌లో ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. యువ వీటోగా వేసిన రాబర్ట్ డి నీరో దాదాపు తన పాత్రంతా సిసిలియన్‌లోనే మాట్లాడతాడు. ఇంగ్లిష్ వచ్చు కదా అని సబ్‌టైటిల్స్ తీసేస్తే గంట సేపు మూకీ చూసినట్టుంటుంది.

నిడివి 202 నిమిషాలు. ఇంటర్వెల్ మీరే వేసుకోవాలి. సుమారు రెండు గంటల దగ్గర, పండగ ఊరేగింపు జరుగుతుండగా యువ వీటో ఒక పని ముగించుకుని ఇంటి మెట్ల మీద కుటుంబంతో కూర్చుని, పసివాడు మైకేల్‌ని ఒళ్లోకి తీసుకుంటాడు. అక్కడ ఆపండి. అంతకు ముందు వచ్చే హవానా భాగంలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లో ఆపొద్దు, ఫోన్ కూడా చూడొద్దు.

సినిమాలో రెండు కథలు నడుస్తాయి. ఒకటి 1901లో సిసిలీలోని కోర్లియోనె ఊళ్లో మొదలవుతుంది. తండ్రినీ అన్ననీ తల్లినీ పోగొట్టుకున్న పిల్లాడు ఓడెక్కి న్యూయార్క్ చేరతాడు. 1917కి లిటిల్ ఇటలీలో సంసారం చేసుకుంటూ ఉంటాడు. రెండోది 1958లో నెవాడాలోని లేక్ టాహో ఒడ్డున మొదలవుతుంది. అప్పటికి కుటుంబాన్ని నడిపేది మైకేల్, అంటే అల్ పచినో. తండ్రి కథలో వెలుగు తేనెరంగులో ఉంటుంది, కొడుకు కథలో చల్లగా ఉంటుంది. ఎక్కడున్నామో తెలియకపోతే రంగు చూడండి, తెలిసిపోతుంది.

అసలు చూడాల్సింది ఒక కథలోంచి ఇంకో కథలోకి మారే చోటు. మొదట కూర్చిన వెర్షన్‌లో కథలు ఇంకా ఎక్కువసార్లు మారేవట. ప్రివ్యూ చూసినవాళ్లు తికమకపడటంతో ఆ మార్పుల్ని తగ్గించి, ఒక్కో భాగాన్ని పొడిగించారు. మిగిలినవి కొన్నే కాబట్టి ఒక్కోటీ ఏరి పెట్టినట్టుంటుంది. మైకేల్ నిద్రపోతున్న కొడుకు దగ్గర ఉండగా, ఆ ముఖం మీదకి నెమ్మదిగా తండ్రి ముఖం వచ్చి చేరుతుంది. ఆ డిజాల్వ్ ఎంతసేపు నిలుస్తుందో గమనించండి. రెండు ముఖాలూ ఒకేసారి తెర మీద ఉంటాయి. 1974లో వచ్చిన ఈ సినిమాకి 11 ఆస్కార్ నామినేషన్లు, ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడితో కలిపి 6 అవార్డులు వచ్చాయి. ఆ పదకొండులో ఎడిటింగ్ లేదు, ఛాయాగ్రహణమూ లేదు! నాకు ఇప్పటికీ మింగుడు పడని విషయమిది.

పేర్ల గందరగోళానికి చిన్న సాయం చేస్తాను. హైమన్ రాత్ మయామీలో ఉండే ముసలి వ్యాపారి, నిజజీవితంలోని మేయర్ లాన్‌స్కీ ఛాయలో అల్లిన పాత్ర. జానీ ఓలా ఆయన మనిషి. ఫ్రాంక్ పెంటాంజెలీ న్యూయార్క్‌లో కుటుంబం తరఫు పెద్దమనిషి. రొసాటో అన్నదమ్ములతో ఆయనకి గొడవ, వాళ్ల వెనక రాత్ ఉన్నాడు. సెనేటర్ గియరీ లంచగొండి. అల్ నేరి మైకేల్ నీడ, పెద్దగా మాట్లాడడు, అందుకే మీరు మర్చిపోతారు. మర్చిపోకండి.

అన్నట్టు, మొదటి భాగంలోని లావుపాటి క్లెమెంజా ఏమయ్యాడని వెతుక్కోకండి. ఆ నటుడు రెండో భాగానికి రాలేదు. ఆయన కోసం అనుకున్న స్థానంలోకే పెంటాంజెలీ వచ్చాడు. క్లెమెంజా కుర్రవాడిగా తండ్రి కథలో మాత్రం కనిపిస్తాడు, అక్కడ వేసింది వేరే నటుడు.

మొదటిసారి చూసేటప్పుడు మూడు చోట్ల నిటారుగా కూర్చోండి. ఒకటి, టాహోలో మైకేల్ పడకగది మీద కాల్పులు జరిగాక కొంతసేపటికి, అర్ధరాత్రి ఒకరికి ఫోన్ వస్తుంది. ఎవరికి వచ్చింది, అవతల ఎవరు? చాలా చిన్న సీను, నీళ్లు తాగడానికి లేచారంటే పోయింది. రెండోది, హవానాలో రాత్ తన పాత స్నేహితుడు మో గ్రీన్ గురించి చెప్పే సీను. వేగస్ అనే ఊరు కల కన్నది మో గ్రీనేననీ, అక్కడ ఆయన పేరిట ఒక్క ఫలకం కూడా లేదనీ, ఆయన్ని చంపమన్నది ఎవరో తాను అడగలేదనీ అంటాడు రాత్. మైకేల్ ఎదురుగా కూర్చుని వింటుంటాడు. చంపించింది తనేనని మైకేల్‌కి తెలుసు, ఆ సంగతి రాత్‌కీ తెలుసు. ముసలాయన గొంతు అక్కడ ఒక్కసారి మారుతుంది. మా తమ్ముడి ప్రశ్నకి జవాబు ఆ సీన్లోనే ఉంది. ఆ పాత్ర వేసిన లీ స్ట్రాస్‌బర్గ్ అసలు నటనకి గురువు, పచినో ఆయన శిష్యుడే. ఆ సంగతి తెలిశాక ఇద్దరూ ఎదురెదురుగా ఉన్న సీన్లు ఇంకోలా కనిపిస్తాయి.

మూడోది 1958 డిసెంబర్ 31 రాత్రి. క్యూబా నియంత బాటిస్టా నూతన సంవత్సర వేడుకలోనే దిగిపోతున్నట్టు ప్రకటిస్తాడు, జనం ఓడల వైపు పరుగులు తీస్తారు. బాటిస్టా దేశం వదిలి పారిపోయింది నిజంగానే ఆ రాత్రి. ఆ హడావిడిలో ఇద్దరు మనుషుల మీద మాత్రం చూపు తిప్పకండి.

మొదటిసారి చూడబోయేవాళ్లు ఇక్కడ ఆపేసి సినిమా చూసి రండి. ఇక్కడినుంచి కథంతా చెప్పేస్తాను.

రెండోసారి చూసేటప్పుడు ఇది మైకేల్ సినిమా అని మర్చిపోయి, ఫ్రెడో సినిమాగా చూడండి. ఎవరు ద్రోహం చేశారన్నది దాచిపెట్టాలని దర్శకుడు ప్రయత్నించనే లేదు. ఆ అర్ధరాత్రి ఫోన్ ఫ్రెడోకే వస్తుంది, చేసింది జానీ ఓలా. మీరు నాకు అబద్ధం చెప్పారు, ఇక ఫోన్ చేయొద్దు అంటాడు ఫ్రెడో. మనకి అప్పుడే తెలిసిపోయింది. మైకేల్‌కి ఎప్పుడు తెలుస్తుందా అన్నదే టెన్షనంతా.

టాహోలో మొదట వచ్చే పార్టీలోనే మొదలుపెట్టండి. తాగి తూలుతున్న భార్యని ఫ్రెడో అదుపు చేయలేడు, తమ్ముడి మనిషి వచ్చి ఆమెని ఎత్తుకుని తీసుకుపోతాడు. ఇంటికి పెద్దవాడై ఉండి, తన భార్యని పక్కకి తీసుకెళ్లడానికి కూడా తమ్ముడి అనుమతితో ఇంకొకరు రావాల్సి వచ్చింది. తర్వాత హవానాలో అన్నదమ్ములిద్దరూ ఆరుబయట బల్ల దగ్గర కూర్చుంటారు. ఫ్రెడో బనానా డైకిరీ తెప్పించుకుంటాడు. ఇంతకు ముందు మనమెందుకు ఇలా కూర్చోలేదు అంటాడు. నీ మీద కోపం వచ్చింది అని ఏదో మొదలుపెట్టి ఆగిపోతాడు. ఆ క్షణంలో మైకేల్ ‘చెప్పు’ అని ఉంటే ఫ్రెడో అంతా చెప్పేసేవాడని నాకు గట్టి నమ్మకం. మైకేల్ అడగడు, తన పథకం గురించి మాట్లాడతాడు. ఎడిటర్‌గా నేను ఎక్కువసార్లు వెనక్కి తిప్పి చూసిన సీను ఇదే, కాల్పుల సీన్లు కాదు.

జానీ ఓలా ఎవరో తెలియదని చెప్పిన ఫ్రెడో అదే రాత్రి క్లబ్బులో మందు మత్తులో, ఈ చోటు నాకు చూపించింది జానీ ఓలాయే అనేస్తాడు. కెమెరా మైకేల్ వెనక్కి వెళ్లదు, సంగీతం పెరగదు. చుట్టూ అందరూ వేదిక చూస్తుంటే ఒక్క మనిషి ముఖం మారుతుంది, అంతే. ఆ తర్వాత వేడుకలో అందరి ముందూ అన్న తలని రెండు చేతులతో పట్టుకుని ముద్దు పెట్టి, నువ్వేనని నాకు తెలుసు అంటాడు.

ఇప్పుడు ఎడిటింగ్ చేసిన పని చూడండి. హవానా నుంచి వచ్చిన మైకేల్‌కి, భార్యకి గర్భం పోయిందని కుటుంబ లాయరు టామ్ చెప్తాడు. ‘మగపిల్లాడా?’ అని అడుగుతాడు మైకేల్. అక్కడినుంచి తెర తండ్రి కథ వైపు మళ్లుతుంది. నిమోనియాతో ఏడుస్తున్న ఒక పసివాడు, వాణ్ణి చూస్తూ నిస్సహాయంగా నిలబడ్డ యువ వీటో. ఆ పసివాడు ఫ్రెడో. వారసుడి కోసం అడిగే కొడుకు పక్కన, బలహీనంగా పుట్టిన బిడ్డ కోసం కళ్లలో నీళ్లు తెచ్చుకునే తండ్రి! ఈ రెండు సీన్లనీ ఎవరూ మాటల్లో కలపరు. మొదటిసారి చూసినప్పుడు ఆ బిడ్డ ఎవరైతే ఏంటి అనుకుంటాం.

పడవల ఇంట్లో అన్నదమ్ముల సీనుకి వచ్చేసరికి బయట సరస్సు మీద మంచు. ఫ్రెడో వాలుకుర్చీలో పడి ఉంటాడు, లేవబోతే అది లేవనివ్వదు. నేను నీకన్నా పెద్దవాణ్ణి, నన్ను దాటి వెళ్లిపోయారు అని అరుస్తాడు. ఫ్రెడోగా వేసిన జాన్ కజాల్ గురించి ఇక్కడ చెప్పాలి. ఆయన నటించిన సినిమాలు ఐదే, ఐదూ ఉత్తమ చిత్రం ఆస్కార్‌కి పోటీపడ్డాయి. 1978లో పోయాడు. ఈ పాత్రకి ఆయనకి నామినేషన్ కూడా రాలేదు.

తల్లి బతికి ఉన్నంతవరకు ఫ్రెడోకి ఏమీ కాకూడదంటాడు మైకేల్. ఆ మాట దయలా వినిపిస్తుంది, కానీ అది గడువు. తల్లి పోయిన రోజు మైకేల్ అన్నని కౌగిలించుకుని, ఆయన భుజం మీదుగా అల్ నేరి వైపు చూస్తాడు. అందుకే ఆ మనిషిని మర్చిపోవద్దన్నాను.

ఒక లెక్క తేలదని చాలామంది కొట్టుకుంటారు. బార్‌లో పెంటాంజెలీ మెడకి తాడు వేసినవాడు మైకేల్ పేరు ఎందుకు చెప్పాడు? బతికి బయటపడతాడని ముందే అనుకున్నారా? నా మాటకొస్తే దాన్ని అలా వదిలేయండి. పెంటాంజెలీ ఆ మాట నమ్మి సెనేట్ కమిటీ ముందుకి సాక్షిగా వెళ్లాడన్నదే కథకి కావాల్సింది. అక్కడ సిసిలీ నుంచి దిగిన సొంత అన్నని చూసి నోరు మూసుకుంటాడు. ఆ అన్న ఒక్క మాటా అనడు. ఈ సినిమాలో అన్నదమ్ముల్ని లెక్కపెట్టడం మొదలుపెడితే తీరిక చాలదు.

చివర్లో 1941 డిసెంబర్ 7 నాటి జ్ఞాపకం వస్తుంది. తండ్రి పుట్టినరోజు. మైకేల్ సైన్యంలో చేరానని చెప్తే అందరూ మండిపడతారు, చేయి చాపి అభినందించేది ఫ్రెడో ఒక్కడే, ఆ చేతిని పెద్దన్న సన్నీ పక్కకి కొట్టేస్తాడు. తండ్రి మాత్రం తెర మీదకి రాడు, ఆయన వచ్చిన సందడి పక్క గదిలోంచి వినిపిస్తుంది. అసలు విషయం ఏంటంటే మొదటి భాగంలో తండ్రిగా వేసిన మార్లన్ బ్రాండో ఆ రోజు షూటింగ్‌కి రాలేదు. ఆయన ఉండి ఉంటే మనం ఆయన్నే చూసేవాళ్లం. లేకపోబట్టి బల్ల దగ్గర మిగిలిపోయిన మైకేల్‌ని చూస్తాం.

మూడో భాగాన్ని అదే వారం మొదలుపెట్టకండి. అది 1990లో, పదహారేళ్ల తర్వాత వచ్చింది, మీరు కూడా కాస్త ఎడం ఇవ్వండి. చూసేటప్పుడు కొప్పోలా మళ్లీ ఎడిట్ చేసి 2020లో విడుదల చేసిన వెర్షన్ దొరికితే అదే చూడండి. మొదలూ చివరా మార్చాడు. అందులోనూ ఫ్రెడో పేరు వస్తుంది, అప్పుడు మైకేల్ ఏం చేస్తాడో మాత్రం నేను చెప్పను.