లాసిక్స్ మీద ఉన్న కుక్కలకీ పిల్లులకీ ఎండాకాలం జాగ్రత్తలు, మార్చిలోనే మొదలుపెట్టండి

మార్చి సగం దాటింది, మా హైదరాబాద్ నిజాంపేట్‌లో ఇప్పటికే పొద్దున పదింటికి బాల్కనీ టైల్స్ మీద కాలు పెట్టలేకపోతున్నాం. మీ ఇంట్లో గుండె జబ్బున్న కుక్కో పిల్లో ఉండి దానికి లాసిక్స్, అంటే ఒంట్లో నీరు తీసే మందు, నడుస్తుంటే ఈ రెండు వారాల్లోనే కొన్ని పనులు చేసి పెట్టుకోండి, రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఆలోచించుకునే టైం ఉండదు. మా చిన్ని పొమేరియన్, పదకొండేళ్ళు, గుండెలో మైట్రల్ వాల్వ్ లీక్ అవుతుంది, లాసిక్స్, గుండె పంపింగ్ పెంచే పిమోబెండాన్, రక్తనాళాల్ని వదులుచేసే ఎనలాప్రిల్ మూడూ వేస్తాం. పోయిన ఏప్రిల్‌లో దాన్ని చేతులారా పోగొట్టుకునేవాళ్ళం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు ఈ మందు ఏం చేస్తుందో చెప్తా, అది తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. గుండె సరిగ్గా పంప్ చెయ్యకపోతే ఒళ్ళు ఉప్పునీ నీళ్ళనీ దాచుకోవడం మొదలుపెడుతుంది, ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి ఊరుతుంది, ఊపిరి ఆడదు. లాసిక్స్ అంటే ఫ్యూరోసెమైడ్, ఇది కిడ్నీలో ఉప్పు మళ్ళీ రక్తంలోకి పోకుండా ఆపేస్తుంది, ఆ ఉప్పుతో పాటు నీళ్ళు కూడా ఉచ్చలో వెళ్ళిపోతాయి. టాబ్లెట్ వేసిన గంటలోపు పని మొదలవుతుంది, సుమారు ఆరు గంటలు ఉంటుంది. ఇప్పుడు ఎండాకాలం సంగతి చూడండి, కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతూనే చల్లబడాలి, ఆ రొప్పులో కూడా పోయేది నీళ్ళే. అంటే లోపల మందు, బయట ఎండ, రెండూ కలిసి దాన్ని ఎండబెడతాయి, పైన ఎనలాప్రిల్ లాంటిది కూడా ఉంటే ఆ దెబ్బ కిడ్నీల మీద పడుతుంది. అలాగని మందు తగ్గిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఈ రెండు ప్రమాదాలూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు, కానీ బయటికి కనిపించేది మాత్రం దాదాపు ఒకటే, కుక్క మెత్తగా పడి ఉంటుంది, రొప్పుతుంది, తినదు.

మేం పోయిన ఏప్రిల్‌లో మోసపోయింది అక్కడే. చిన్ని రెండుసార్లు వాంతి చేసుకుని ఒక మూల పడుకుంది, నేను ఎండదెబ్బ అనుకున్నా, ఇన్ని నీళ్ళు పోతుంటే మళ్ళీ నీళ్ళు తీసే మందు ఎందుకు అని నా అంతట నేనే మూడు డోసులు ఆపేశా, పైగా ఓఆర్ఎస్ కలిపి సిరంజితో పట్టించా. సాయంత్రం మా డాక్టర్ ఊళ్ళో లేకపోతే దగ్గర్లో ఉన్న వేరే క్లినిక్‌కి తీసుకెళ్ళి ఎండదెబ్బ తగిలింది డాక్టర్ అని మాత్రమే చెప్పా, వాళ్ళు సెలైన్ ఎక్కించారు. గుండె సంగతి, మందుల సంగతి కంగారులో నేను చెప్పనేలేదు. రాత్రి ఒంటిగంటకి నిద్రలో దాని ఊపిరి నిమిషానికి 56 ఉంది. ఆక్సిజన్ పెట్టి, ఇంజెక్షన్లు ఇచ్చి, రెండు రాత్రులు ఉంచుకుంటే బతికి బయటపడింది.

అందుకే అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది నిద్రలో ఊపిరి లెక్కపెట్టడం. గాఢంగా పడుకున్నప్పుడు, చల్లటి గదిలో, ఛాతీ ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒకటి, 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. మందుతో కుదురుగా ఉన్న కుక్కకైనా పిల్లికైనా 30 లోపే ఉండాలి. 30 దాటితే ఒక అరగంట ఆగి మళ్ళీ చూడండి, అప్పుడూ అంతే ఉంటే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి, 40 దాటితే పొద్దున దాకా ఆగొద్దు. రొప్పుతున్నప్పుడు, కలలో కాళ్ళు కొట్టుకుంటున్నప్పుడు లెక్కపెట్టినా ఉపయోగం లేదు. ఇప్పుడు ఇంకా రాత్రిళ్ళు కాస్త చల్లగా ఉన్నాయి కాబట్టి ఈ రెండు వారాలు రోజూ లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాసుకుంటే మీ కుక్కకి మామూలు నంబర్ ఎంతో తెలుస్తుంది, మే నెలలో అనుమానం వచ్చినప్పుడు దానితో పోల్చి చూసుకోవచ్చు. మా చిన్నికి 20 నుంచి 24 మధ్య ఉంటుంది, అది 29 అయినా నాకు అనుమానమే.

రెండోది, ఏప్రిల్ రాకముందే బ్లడ్ టెస్ట్. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్, యూరియా, వాటితో పాటు సోడియం, పొటాషియం చూపించుకోండి, మందు డోసు ఈమధ్యే మార్చి ఉంటే మార్చిన ఒకటి రెండు వారాల్లోనే చెయ్యాలి. అదే రోజు డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోవాల్సినవి ఉన్నాయి: వాంతులు, విరేచనాలు అయినా, ఒక పూట తినకపోయినా లాసిక్స్ ఎంత వెయ్యాలి, అసలు వెయ్యాలా వద్దా, ఊపిరి సడెన్‌గా పెరిగితే దారిలో ఎక్స్‌ట్రా డోసు వెయ్యొచ్చా, వేస్తే ఎన్ని మిల్లీగ్రాములు. ఇది కుక్కకీ కుక్కకీ మారుతుంది, మీ కజిన్ కుక్కకి చెప్పింది మీ కుక్కకి పనికిరాదు. మామూలుగా ఒక డోసు మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వెయ్యండి, తర్వాతి డోసు దగ్గరపడితే వదిలెయ్యండి, రెండూ కలిపి మాత్రం వెయ్యొద్దు.

ఫైల్ కవర్ మీద పెద్ద అక్షరాలతో హార్ట్ పేషెంట్, లాసిక్స్ మీద ఉంది, సెలైన్ పెట్టేముందు గుండె చూడండి అని రాసి పెట్టండి, మీరు లేనప్పుడు అత్తమ్మో వాచ్‌మనో తీసుకెళ్ళినా అది కనిపిస్తుంది.

నీళ్ళ విషయం. ఇల్లంతా ఉచ్చ పోస్తుందని రాత్రి గిన్నె తీసేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి, ఈ మందు మీద ఉన్న జంతువుకి 24 గంటలూ నీళ్ళు అందాలి. అది దాహంతో తాగుతుంది, తాగింది పోస్తుంది, మందు పని అదే. తిట్టొద్దు కూడా. పొద్దున ఆరింటికి టాబ్లెట్ వేసి గంటలోపు కిందికి తీసుకెళ్తే రోడ్డు వేడెక్కకముందే పని అయిపోతుంది, రెండో డోసు సాయంత్రం ఆరు ప్రాంతంలో అయితే పడుకునేలోపు రెండుసార్లు తిప్పొచ్చు. మధ్యాహ్నానికి బాత్రూంలో పాత గోనె పట్టానో ప్యాడో వెయ్యండి. ఇంకో సంగతి, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు అపార్ట్‌మెంట్లలో బోర్ నీళ్ళకి సాఫ్ట్‌నర్ పెడతారు, అందులో నీటి గట్టిదనం పోతుంది కానీ బదులుగా సోడియం చేరుతుంది, కాబట్టి కుళాయి నీళ్ళు కాదు, మీరు తాగే ఆర్ఓ నీళ్ళే పొయ్యండి.

తిండిలో ఉప్పు. ఉప్పు మజ్జిగ, బ్రెడ్, చీజ్, అప్పడం, చారన్నం, ఏదీ వద్దు. టాబ్లెట్ దాచడానికి చీజ్ ముక్క వాడుతుంటే మానేసి ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ ముక్కలో పెట్టండి. ఓఆర్ఎస్‌లో సోడియం బాగా ఉంటుంది, మనకి మంచిదని వీటికి పట్టొద్దు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, ఎనలాప్రిల్ గానీ, స్పైరోనోలాక్టోన్ (పొటాషియాన్ని ఒంట్లోనే ఆపే ఇంకో నీళ్ళు తీసే మందు) గానీ వేస్తున్నవాటికి అది పేరుకుపోవచ్చు, అడక్కుండా పొయ్యకండి.

మందుల షాపులో ఒక్క నిమిషం ఆగి స్ట్రిప్ చదవండి. లాసిక్స్ వేరు, లాసిలాక్టోన్ వేరు, రెండోదాంట్లో స్పైరోనోలాక్టోన్ కూడా కలిసి ఉంటుంది. టోర్సెమైడ్ కూడా నీళ్ళు తీసే మందే, కానీ ఇంకా చాలా గట్టిది, లాసిక్స్ లేదంటే అది ఇస్తామంటే తీసుకోకండి, మిల్లీగ్రాములు ఒకటే కదా అనుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఇంత చిన్న కుక్కకి ఇంత డోసా అని షాపతను ఆశ్చర్యపోతే కంగారు పడకండి, కేజీ లెక్కన కుక్కలకి మనుషులకంటే ఎక్కువే పడుతుంది. లాసిక్స్‌కి వెలుతురు పడదు, విరిచిన సగం టాబ్లెట్‌ని వెలుతురు పోని డబ్బాలో పెట్టండి, పసుపు రంగు తిరిగితే పారెయ్యండి. కుంటుతుంది కదా అని ఇంట్లో ఉన్న మెలోక్సికామ్ లాంటి నొప్పి మందు వేస్తే లాసిక్స్ పని తగ్గుతుంది, కిడ్నీ దెబ్బతింటుంది. పిల్లికి పారాసెటమాల్ అయితే విషమే.

కూలర్ గురించి మా ఇంట్లోనే గొడవ జరిగింది. మన ఊరి పొడి ఎండకి కూలర్ బాగానే పనిచేస్తుంది కానీ తలుపులన్నీ వేసి పెడితే గది ఉక్కగా అయిపోతుంది, ఆ తేమలో కుక్క ఎంత రొప్పినా చల్లబడదు. కిటికీ తీసి పెట్టండి, లేదా మధ్యాహ్నం ఏసీ. కరెంట్ పోతే ఫ్యాన్ అయినా తిరిగేలా ఇన్వర్టర్ బ్యాటరీ ఇప్పుడే చూపించుకోండి.

వారానికొకసారి బరువు చూడండి, మీరు ఎత్తుకుని మిషన్ ఎక్కి మీ బరువు తీసేస్తే చాలు. ఒక్క వారంలోనే బరువు తగ్గి, చిగుళ్ళు వేలికి అంటుకుంటున్నట్టు జిగటగా ఉంటే నీళ్ళు తగ్గిపోతున్నాయని లెక్క, ఫోన్ చెయ్యండి. మందు మాత్రం మీరే ఆపొద్దు.

పిల్లులున్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, అవి బాధ బయటికి చూపించవు. పిల్లి నోరు తెరిచి రొప్పుతుంటే ఎండకి అనుకోకండి, అది ఎమర్జెన్సీయే. మెడ కిందికి వాలిపోయి తల ఎత్తలేకపోతుంటే పొటాషియం పడిపోయి ఉండొచ్చు. వెనక కాళ్ళు ఉన్నట్టుండి పడిపోయి గట్టిగా అరుస్తుంటే రక్తం గడ్డ అడ్డం పడి ఉండొచ్చు, అది గుండె జబ్బు పిల్లుల్లో వస్తుంది, ఒక్క నిమిషం ఆగకూడదు. నీళ్ళు సరిగ్గా తాగని పిల్లికి ఉప్పు లేని చికెన్ ఉడికించిన నీళ్ళు తిండిలో కలిపి పెడితే తింటుంది.

ఆఖరుగా, రాత్రి ఎవరు తెరిచి ఉంటారో పగలే తెలుసుకోండి. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ హాస్పిటల్ ఉంది, నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ ఉంది, ప్రైవేట్‌వి బోలెడు ఉన్నాయి, కానీ అర్ధరాత్రి డాక్టర్ ఉంటారా, ఆక్సిజన్ ఉందా అని ఫోన్ చేసి అడగండి. ఉందన్న చోటికి ఈ ఆదివారమే ఒకసారి బండి మీద వెళ్ళి గేటు ఎటుందో, ఎంతసేపు పడుతుందో చూసి రండి. ఆ రాత్రి మేం వన్‌వేలో ఇరుక్కుని ఇరవై నిమిషాలు తిరిగాం, చిన్ని నా ఒళ్ళో నీలం నాలుకతో ఉంది.