ఫాంటసీ ఆర్పీజీ డెమో ఆడి తొలి అభిప్రాయం చెప్పడం ఎలా?

కొత్త ఫాంటసీ ఆర్పీజీ (ఒక పాత్రగా మారి కథలో సాగుతూ బలం పెంచుకునే గేమ్) డెమో (కొనేముందు ఆడిచూసే ముక్క) వచ్చిందంటే చాలు, బెంగళూరులో మన తెలుగు గేమర్ల వాట్సాప్ గ్రూపుల్లో అరగంటకే తీర్పులు మొదలవుతాయి. ‘గ్రాఫిక్స్ అదిరిపోయాయి, స్టోరీ స్లో, కంబాట్ ఓకే.’ ఈ మూడు మాటలు ఏ గేమ్‌కైనా అతుకుతాయి. వాటిని నమ్మి మారతహళ్లి పీజీలో ఉండే కుర్రాడు కొత్త జీతంలోంచి నాలుగు వేలు పెట్టి గేమ్ కొంటాడు. లేదంటే తనకు బాగా నచ్చే గేమ్‌ని ముట్టుకోకుండానే వదిలేస్తాడు. డెమో మీద చెప్పే మాటకు అంత పర్యవసానం ఉంది కాబట్టి పద్ధతిగా ఆడి చెప్పాలి.

కావలసినవి

పీసీ, ల్యాప్‌టాప్, కన్సోల్, ఏదైనా ఫర్వాలేదు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఆడండి, బ్యాటరీ మీద గ్రాఫిక్స్ కార్డు పూర్తి బలంతో పనిచేయదు. కంట్రోలర్ తప్పనిసరి. కీబోర్డు మీద ఆడి కత్తియుద్ధం గురించి అభిప్రాయం చెప్పకూడదు. లేకపోతే ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకు వెళ్లి ఒకటి తెచ్చుకోండి. హెడ్‌ఫోన్స్, ఒక నోటుబుక్, పెన్ను. పీజీ వైఫై సాయంత్రం అందరూ వాడుతుంటారు, డౌన్‌లోడ్ పడుకునే ముందు పెట్టండి.

శనివారం పొద్దున ఆడండి. ఆఫీసు అయ్యాక ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో నలిగి వచ్చిన రాత్రి ఏ డెమో తెరవొద్దు. ఆ రాత్రి మంచి కథ కూడా సాగదీసినట్టే అనిపిస్తుంది.

అది ఏ రకం డెమోనో ముందే చూసుకోండి

స్టోర్ పేజీలో రెండు నిమిషాలు చదివితే తెలుస్తుంది. కొన్ని డెమోలు గేమ్ మొదటి భాగాన్నే ఇస్తాయి, సేవ్ (ఎంతవరకు ఆడామో దాచిన ఫైలు) పూర్తి గేమ్‌లోకి వెళ్తుంది. 2024లో వచ్చిన మెటాఫర్: రీఫాంటాజియో డెమో అలాంటిదే. కొన్ని డెమోలకు గడియారం ఉంటుంది. ఆక్టోపాత్ ట్రావెలర్‌కు 2018లో వచ్చిన డెమోలో మూడు గంటలే ఆడనిచ్చారు. ఇంకొన్ని గేమ్ మధ్యలోంచి ఒక ముక్క కోసి, అప్పటికే బలం పెరిగిన హీరోని మన చేతికిస్తాయి. ఈ తేడా తెలియకుండా ‘లెవెల్స్ త్వరగా పెరుగుతున్నాయి’ అని రాసేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

మొదలుపెట్టడం

డిఫికల్టీ నార్మల్‌లో ఉంచండి. క్యారెక్టర్ తయారీకి పది నిమిషాలు చాలు. అందులో గంటలు గడపాలని ఉంటే అది వేరే సరదా. డ్రాగన్స్ డాగ్మా 2 విషయంలో ఆ భాగాన్ని మాత్రమే విడిగా ముందే విడుదల చేశారు కూడా. కట్‌సీన్లు (మధ్యలో సినిమాలా వచ్చే కథ దృశ్యాలు) స్కిప్ చేయొద్దు.

పీసీలో మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు (తెర మీద బొమ్మను గీయించే చిన్న ప్రోగ్రాములు) సిద్ధమవుతుంటే పూర్తయ్యేదాకా ఆగండి. ఆడేటప్పుడు ఎక్కడైనా తడబడితే అదే దారిలో వెనక్కి వెళ్లి మళ్లీ నడవండి. రెండోసారి సాఫీగా ఉంటే అది షేడర్ల వల్ల వచ్చిన తడబాటు. మళ్లీ అక్కడే ఆగితే సెట్టింగ్స్ తగ్గించి చూసి, అప్పుడు రాసుకోండి.

ట్యుటోరియల్ తర్వాత మొదటి మామూలు పోరాటం

దాదాపు అందరూ పాడుచేసేది ఇక్కడే. కాస్త నెమ్మదిగా చదవండి.

ఆర్పీజీ మొదటి గంటను స్టూడియో అన్నిటికంటే శ్రద్ధగా చెక్కుతుంది. ఊరు తగలబడుతుంది, సంగీతం ఎగసిపడుతుంది, పెద్ద రాక్షసుడు వస్తాడు, ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో తెర మీద వస్తుంది. ఆ పోరాటంలో మనం ఓడిపోకుండా ముందే ఏర్పాట్లు చేసి ఉంటాయి, లేదా ఓడిపోవడమే కథలో భాగమై ఉంటుంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు. డెమోలో ఆ మెతుకును ఏరి మన వేళ్ల మధ్య పెట్టేది స్టూడియోనే. అందుకని ఇంకో మెతుకు మనమే వెతుక్కోవాలి.

ట్యుటోరియల్ సూచనలు ఆగిపోయాక, మ్యాప్ మీద బాణం చూపించే దారి వదిలేయండి. పక్కదారిలో పేరూ ఊరూ లేని మామూలు శత్రువుల గుంపు ఉంటుంది. పూర్తి గేమ్‌లో మీరు గడపబోయే కాలంలో చాలా భాగం ఇలాంటి వాళ్లతోనే. వాళ్లతో మూడుసార్లు పోరాడండి. మొదటిసారి నేర్పినట్టే. రెండోసారి మీకు బాగా అలవాటైన దెబ్బను అస్సలు వాడకుండా. మూడోసారి ఆయుధమో, పార్టీలో (హీరో జట్టులో) మనుషుల వరసో మార్చి. మూడుసార్లూ పోరాటం ఒకేలా నడిచిందా, లేక మీ ఆలోచన మారాల్సి వచ్చిందా? దీనికి జవాబు దొరికేదాకా ‘కంబాట్’ అనే మాట నోటుబుక్‌లో రాయొద్దు.

టర్న్ బేస్డ్ (ఇరుపక్షాలూ వంతులవారీగా కొట్టుకునే పద్ధతి) అయితే శత్రువు బలహీనతను కనిపెడితే మీకేం దక్కుతుందో చూడండి. ఆక్టోపాత్‌లో శత్రువు కింద డాలు గుర్తుతో ఒక అంకె ఉంటుంది. బలహీనత మీద కొట్టిన ప్రతిసారీ అది తగ్గి, సున్నాకు చేరితే శత్రువు కాసేపు నిలిచిపోతాడు. ఆ ఒక్క ఏర్పాటుతో మామూలు పోరాటానికి కూడా లెక్క వస్తుంది. మెటాఫర్‌లో అయితే బలహీన శత్రువులను మైదానంలోనే నేరుగా నరికేయొచ్చు, బలమైనవాళ్లకు మాత్రమే టర్న్ బేస్డ్ యుద్ధం. ఇలాంటి సంగతులు పక్కదారిలోనే అర్థమవుతాయి.

ఒకసారి కావాలని ఓడిపోండి. ఎక్కడ మళ్లీ మొదలైంది, ఏం పోయింది, ఎందుకు ఓడామో గేమ్ చూస్తే తెలిసిందా, ఈ మూడూ రాసుకోండి. ఓడిపోకుండా డెమో ముగించినవాళ్లకు ఆ గేమ్ గురించి సగమే తెలుసని నా గట్టి నమ్మకం.

ఇంకో జాగ్రత్త. మూడు పోరాటాలూ ఒకే బటన్‌తో గెలిచారనుకోండి, వెంటనే ‘కంబాట్ బోర్’ అనకండి. స్కిల్స్ మెనూ తెరిచి ఎన్ని తాళం వేసి ఉన్నాయో చూడండి. ఫైనల్ ఫాంటసీ 16 డెమో 2023 జూన్‌లో వచ్చినప్పుడు, కథ మొదటి భాగం ముగిశాక ఇంకో విడి భాగం తెరుచుకునేది. గేమ్‌లో తర్వాత వచ్చే శక్తులతో ఒక కోటలో పోరాడనిచ్చారు. అసలు యుద్ధం ఎలా ఉంటుందో మొదటి భాగం ఒక్కటే చూపించలేదు కాబట్టి ఆ రెండోది అంత విలువైనది. దాన్ని తెరవకుండానే తీర్పు చెప్పినవాళ్లు గేమ్‌కి అన్యాయం చేశారు. తాళాలు ఎక్కువగా ఉంటే ‘డెమోలో ఇంతవరకే ఉంది’ అని రాయండి. ‘గేమ్‌లో ఇంతే’ అని రాసే హక్కు మనకు లేదు.

మెనూ, మాటలు

రెండు కత్తులు పక్కపక్కన పెట్టి ఏది మంచిదో మెనూ చూసి చెప్పగలరా? సబ్‌టైటిల్స్ మంచం మీద నుంచి చదవగలరా? ఊళ్లో పెద్ద సంఘటన జరిగాక అంగడివాడితో మళ్లీ మాట్లాడండి, పాత మాటే చెప్తున్నాడా? చాలు.

యూట్యూబ్ తెరవకముందే రాయడం

డెమో ఆపిన వెంటనే, ఇంకెవరి వీడియో చూడకముందే రాయాలి. ఒక్క వీడియో చూసినా వాళ్ల మాటలు మన అభిప్రాయంలోకి వచ్చి కూర్చుంటాయి. ‘ఆడటమెందుకు అన్నా, వీడియో చూస్తే తెలిసిపోదా’ అని తమ్ముళ్లు అడుగుతుంటారు. చూసేవాడికి కథ తెలుస్తుంది, బటన్ నొక్కాక కత్తి ఎంత ఆలస్యంగా కదిలిందో తెలియదు. ‘స్టీమ్‌లో (పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) రిఫండ్ ఉందిగా’ అంటారు ఇంకొందరు. కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడితేనే ఆ సౌకర్యం. చాలా ఆర్పీజీల్లో 2 గంటలకు మొదటి ఊరు దాటడమే కష్టం. డెమోకు ఆ టెన్షన్ లేదు.

స్టీమ్ నడిపే డెమోల పండుగ ‘నెక్స్ట్ ఫెస్ట్’ వారంలో వందల డెమోలు ఒక్కసారి వస్తాయి. అప్పుడు రెండే రెండు ఆర్పీజీలు ఎంచుకోండి, మిగతావి వదిలేయండి.

రాసేటప్పుడు మొదటి వాక్యంలోనే ఏ మెషీన్, ఏ సెట్టింగ్స్, ఎంతసేపు ఆడారు, ఎక్కడ ఆపారు అన్నది చెప్పండి. తర్వాత ప్రతి మాటకూ ఒక సందర్భం జోడించండి. ‘స్లో’ అని ఊరుకోవద్దు. ‘మొదటి పోరాటానికి ముందు నలభై నిమిషాలు మాటలే’ అంటే చదివేవాడు తనకు పడుతుందో లేదో తానే తేల్చుకుంటాడు. తయారుచేసేవాళ్లకు పనికొచ్చేది కూడా ఇలాంటి మాటే. ఆక్టోపాత్ మొదటి డెమో 2017 సెప్టెంబరులో ఇచ్చి, ఆడినవాళ్లను సర్వేలో అడిగి, వచ్చిన జవాబులను బట్టి మార్పులు చేసి 2018 జులైలో గేమ్ విడుదల చేశారు. సర్వే ఉంటే తప్పకుండా నింపండి.

చివరిగా, స్థలం కోసం డెమోని తీసేసినా సేవ్ ఫైల్ మాత్రం తీసేయకండి. పీసీలో ఆడి తర్వాత కన్సోల్‌లో కొనే ఆలోచన ఉంటే ఆ సేవ్ అక్కడికి వెళ్తుందో లేదో స్టోర్ పేజీలో చూసుకుని కొనండి.