స్లాబ్ వేసే ముందు ఇంటి యజమాని తెలుసుకోవాల్సిన మాటలు

ఇల్లు కట్టించుకునేవాళ్లు టైల్స్ రంగు గురించి వారాల తరబడి ఆలోచిస్తారు. స్లాబ్ రోజు మాత్రం అంతా మేస్త్రీకి వదిలేసి, కూలీల భోజనాల ఏర్పాట్లలో పడిపోతారు. సైట్ సూపర్‌వైజర్‌గా అది చూస్తే నాకు బాధేస్తుంది. ఈ నాలుగు మాటలు తెలిస్తే మీరే పైకెక్కి చూసుకోవచ్చు.

సెంట్రింగ్ అంటే కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని మోసే రేకులు, వాటి కింది సరుగుడు బాదులు, జాకీలు. బాదు నేరుగా వదులు మట్టిలో నిలబడితే ఒప్పుకోకండి, కింద చెక్క వేయించండి.

అన్నిటికన్నా ముఖ్యం కవర్. ఊచకూ కాంక్రీటు బయటి ముఖానికీ మధ్య ఉండాల్సిన మందం అది. మామూలుగా స్లాబుకు 20 మిల్లీమీటర్లు, బీముకు 25, పిల్లరుకు 40. సముద్రం దగ్గరైతే ఇంకా పెంచాలి. వంగి ఊచల జాలీ కిందికి చూడండి. అక్కడ సిమెంటు కవర్ బ్లాకులు కనబడాలి, కంకర రాళ్లు కాదు. రాయి పక్కకు జారితే ఊచ రేకుకు ఆనుకుంటుంది. కొన్నేళ్లకు తుప్పు పట్టి ఉబ్బుతుంది, సీలింగ్ పెచ్చులు ఊడతాయి. పైజాలీ కుంగకుండా నిలబెట్టే వంచిన ఊచలను కుర్చీలంటారు. మనుషులు నడిచే దారిలో అవి తగినన్ని ఉన్నాయో లేదో చూడండి.

ఇక కాంక్రీటు కలపడం. ఎం20 అనే బలం రకం కాంక్రీటు అంటే ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర. 50 కిలోల బస్తాకు 30 లీటర్ల నీళ్లు మించకూడదు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పని తేలికవుతుందని మాలు గంజిలా కలిపితే బలం పోతుంది. మిక్సర్ దగ్గర మీ మనిషి ఒకరు కచ్చితంగా ఉండాలి.

క్యూరింగ్ అంటే తడి ఆరనివ్వకపోవడం. పైపుతో రెండుపూటలా చల్లితే మన ఎండలకు చాలదు. మడులు కట్టించి నీళ్లు నిలబెట్టండి. ఓపీసీ (సాధారణ పోర్ట్‌లాండ్) సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ (పోజోలానా కలిపిన) సిమెంటుకు 10.

ఇక సెంట్రింగ్ విప్పడం. సామాను అద్దె పెరుగుతోందని తొందరపెడతారు, టెన్షన్ పడకండి. ఓపీసీ అయితే కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపు ఉన్న స్లాబు కింద పోట్లు (బాదులు, జాకీలు) 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. పీపీసీకి ఇంకా ఆగాలి. బస్తా మీద ఏది రాసుందో చూసి, విప్పే తేదీ ఇంజనీరు చేతే చెప్పించుకోండి.