16,000 హెర్ట్జ్ దాటాక ఏమీ వినిపించడం లేదా? చెవిని అనుమానించే ముందు ఇవి చూడండి

ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ధ్వని ఫ్రీక్వెన్సీని (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే అంకె, హెర్ట్జ్‌లలో) పెంచుకుంటూ, ఎంతదాకా వినిపిస్తుందో చూసుకునే టెస్టులో వచ్చే చిక్కులివి.

సమస్య: 15,000 దాకా వినిపించి, 16,000 దగ్గర ఠక్కున ఆగిపోతోంది.

ఇంట్లో చిన్నపిల్లలకు కూడా సరిగ్గా అక్కడే ఆగిపోతే తప్పు చెవిది కాదు, దాదాపుగా ఫైల్‌దే. సైజు తగ్గించడానికి బాగా కుదించిన 128 కేబీపీఎస్ ఎంపీ3 ఫైళ్లలో ఇంచుమించు 16,000 పైనున్న శబ్దాన్ని సాధారణంగా కోసేస్తారు. వీడియోల్లోని టెస్టులదీ చాలావరకు ఇదే కథ. అలా కుదించని వేవ్ (WAV) ఫైల్ తీసుకుని, వైరున్న హెడ్‌ఫోన్‌తో వినండి. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ) తెరిస్తే ఆ ధ్వని అసలు ఫైల్‌లో ఉందో లేదో కంటికే కనిపిస్తుంది.

వినిపించడం లేదని వాల్యూమ్ మాత్రం పెంచకండి. చెవికి తెలియని శబ్దం కూడా చెవికి హాని చేయగలదు. పైగా ఫ్రీక్వెన్సీ తగ్గించగానే గూబ గుయ్యిమంటుంది.

సమస్య: 20,000 కూడా వినిపిస్తోంది!

సంబరపడే ముందు శబ్దం స్థాయి (పిచ్) గమనించండి. అంకె పెరుగుతుంటే కూత కూడా సన్నబడుతూ పోవాలి. మధ్యలో బొంగురుగా మారినా, కిందికి దిగినా మీరు వింటున్నది వేరే శబ్దం. 44,100 శాంప్లింగ్‌లో, అంటే శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి దాచే పద్ధతిలో, అందులో సగం, 22,050 హెర్ట్జ్ వరకే పడుతుంది. సరిగా రాయని యాప్‌లో 25,000 పెడితే అది మడతపడి 19,100గా బయటికొస్తుంది. స్పీకర్ వక్రీకరణ వల్ల కూడా కింది స్వరాలు పుడతాయి. ఇక మొదట్లో వచ్చే 'టక్' శబ్దం విని మోసపోయేవాళ్లే ఎక్కువ. ధ్వని మెల్లగా మొదలయ్యేలా ఫేడ్ పెట్టండి. ఇంకొకరిని మీకు కనపడకుండా పదిసార్లు ఆన్, ఆఫ్ చేయమని, ఎన్నిసార్లు సరిగ్గా చెప్పారో లెక్కపెట్టండి. గొప్పలు అక్కడ తేలిపోతాయి.

సమస్య: తల కాస్త కదిపితే శబ్దం మాయమవుతోంది.

17,000 హెర్ట్జ్ తరంగం పొడవు 2 సెంటీమీటర్లే. గోడల ప్రతిధ్వనితో కలిసి గదిలో అక్కడక్కడ రద్దవుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చాలు.

సమస్య: ఒక చెవికే తక్కువ.

హెడ్‌ఫోన్ కుడి ఎడమలు మార్చి పెట్టుకోండి. లోపం రెండో చెవికి మారితే హెడ్‌ఫోన్‌దే. అదే చెవిలో ఉండిపోతే గుబిలి కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. పుల్లలు పెట్టి కెలకకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. వినికిడి ఉన్నట్టుండి తగ్గితే మాత్రం ఆ రోజే వెళ్లాలి.

సమస్య: అన్నీ సరిచూశాను, అయినా 14,000 వినిపించడం లేదు. ఆడియోగ్రామ్ (ఆసుపత్రిలో చేసే వినికిడి పరీక్ష ఫలితం) నార్మల్ అంటోంది.

రెండూ నిజమే. మామూలు ఆడియోగ్రామ్ 8,000తో ఆగిపోతుంది. ఆపైన చూడాలంటే ఎక్స్‌టెండెడ్ హై ఫ్రీక్వెన్సీ ఆడియోమెట్రీ అని అడగాలి. వయసుతో ముందుగా పోయేవి ఈ పై స్వరాలే, వాటిని తిరిగి తెచ్చే మందు లేదు. మాటలు అర్థం కావడానికి కావలసింది చాలావరకు 8,000 లోపే ఉంటుంది కాబట్టి దీనికి టెన్షన్ పడక్కర్లేదు.